తీసెయ్ అంటే తీసేయాల్నా?

సికింద్రాబాదు రైల్వే స్టేషన్‌కు ఎంతో దూరం లేని బస్తీ మాది. పోయిన వానకాలం మా గల్లీలో మోరీ పొంగింది. కాంట్రాక్టరు మనిషిని పంపిండు. మిషను కాదు, మనిషినే. నడుముకు తాడు కట్టి, బనీను మీదనే మ్యాన్‌హోల్లోకి దించిండ్రు. ముక్కుకు గుడ్డ కూడా లేదు. దిగినోడు ఎవరని అడగాల్నా? మనోడే. మోరీలో దిగేవాడి కులం ఈ దేశంలో ఎవరూ అడగరు. అడగకుండానే అందరికీ తెలుసు.

మా బస్తీలో డిగ్రీ చదివే కుర్రోడొకడు అదంతా ఫోనులో తీసిండు. రెండు నిమిషాల వీడియో. ఫేస్‌బుక్కులో పెట్టి కింద రెండు లైన్లు రాసిండు. మనుషులను మోరీల్లో దించడం 2013 చట్టం ప్రకారం నేరం, ఈ కాంట్రాక్టరు మీద కేసు పెట్టాలె అని. రాసింది అక్షరాలా నిజం. రక్షణ లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దించితే మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అని ఆ చట్టంలో ఉంది.

మూడో రోజు ఠాణా నుంచి ఫోను వచ్చింది. ఏ ఠాణా అన్నది ఇక్కడ రాయం.

"ఏంరా, లీడర్‌వయినవా? పరువు తీస్తున్నవని కంప్లయింట్ వచ్చింది. తీసెయ్. లేకుంటే ఐటి యాక్టు పెడతం, నౌకరీ రాదు, పాస్‌పోర్టు రాదు."

కాగితం లేదు, సెక్షను నంబరు లేదు, సంతకం లేదు. వాళ్ళమ్మ నాలుగిండ్లల్ల బాసన్లు తోమి కొడుకును చదివిస్తున్నది. "మనకెందుకు బిడ్డా ఈ లొల్లి" అన్నది. వాడు తీసేసిండు. భయంతో ఫోనులోంచి కూడా తుడిచేసిండు.

ఇప్పుడు చెప్పండి, అక్కడ తుడిచిపెట్టుకుపోయింది ఏంది? ఒక కుర్రోడి మాట మాత్రమేనా? నేరం జరిగిందనడానికి చేతిలో ఉన్న సాక్ష్యం పోయింది. చట్టాన్ని కాపాడాల్సిన వాళ్ళే ఫోను చేసి సాక్ష్యాన్ని తుడిపించిండ్రు. పైగా దానికి పెట్టిన పేరు చట్టం.

టీవీల్లో పెద్దమనుషులు కూర్చుని వెబ్‌సైట్ల మీద సర్కారు అదుపు గురించి చర్చలు చేస్తుంటారు. చూసి మనం అనుకుంటాం, ఇది కంప్యూటర్ల ముందు కూర్చునే బాబుల గొడవ, మన గొడవ కాదు అని. మేమూ చాలా రోజులు అట్లనే అనుకున్నాం. ఈ పేజీల్లో దాని గురించి రాయలేదు. తప్పు మాదే. భూమి గురించి రాశాం, శ్మశానం గురించి రాశాం, హోటల్లో రెండు గ్లాసుల గురించి రాశాం. ఇవ్వాళ ఆ భూమి గొడవ, ఆ శ్మశానం గొడవ, ఆ గ్లాసుల గొడవ ముందుగా బయటికొస్తున్నది ఫోనులోనే. ఫోను నోరు నొక్కితే అవన్నీ మళ్ళీ ఊరి పొలిమేర లోపలే ఉండిపోతాయి.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2000లో వచ్చిన ఐటి చట్టాన్ని 2008లో సవరించి 69ఎ అనే సెక్షను చేర్చారు. దేశ భద్రత, శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహం లాంటి కారణాలు చూపి కేంద్ర సర్కారు ఏ వెబ్‌సైటునైనా, ఏ రాతనైనా జనానికి కనపడకుండా ఆపొచ్చు. దీనికి 2009లో నిబంధనలు రాశారు. అందులో 16వ నిబంధన చదివితే మతి పోతుంది. వచ్చిన ఫిర్యాదూ, తీసుకున్న చర్యా రహస్యంగా ఉంచాలట! ఉరిశిక్ష పడినోడికి కూడా తీర్పు కాపీ ఇస్తారు. ఇక్కడ నీ మాటకు ఉరి వేసి, ఎందుకు వేశారో నీకు చెప్పరు. రాసినవాడికి ముందు నోటీసు ఇవ్వాలి కదా అంటే, రాసినవాడికో లేక కంపెనీకో అని 8వ నిబంధనలోనే సందు పెట్టుకున్నారు. అర్జెంటు అని 9వ నిబంధన తీస్తే ముందు చెప్పే పని అసలే లేదు. ఇట్లా ఆపినవి 2014లో 471. 2020లో 9,849. ఇది మా లెక్క కాదు, సర్కారు పార్లమెంటులో చెప్పిన లెక్క.

ఇది చాలదన్నట్టు 79వ సెక్షనును కూడా తాళంగా మార్చుకున్నారు. నిజానికి ఆ సెక్షను కంపెనీలకు రక్షణ కోసం పెట్టింది. ఎవరో రాసిన రాతకు కంపెనీ మీద కేసు ఉండదు, అయితే సర్కారు చెప్పినప్పుడు తీసేయాలి అని దాని సారం. ఆ రెండో ముక్క పట్టుకుని 2024 అక్టోబరులో కేంద్ర హోం శాఖ 'సహయోగ్' అని ఒక పోర్టల్ తెరిచింది. అధికారులు దాని గుండా నేరుగా కంపెనీలకు 'తీసెయ్' అని పంపుతారు. సహయోగ్ అంటే సహకారం. ఎవరికి ఎవరి సహకారం? ఎక్స్ కంపెనీ దీని మీద కర్ణాటక హైకోర్టుకు పోయి 2025 సెప్టెంబరు 24న ఓడిపోయింది. ఆ తరవాత నవంబరు నుంచి పోలీసుల్లో డిఐజికి తగ్గని అధికారే ఉత్తర్వు ఇవ్వాలని నిబంధన మార్చారు. సంతోషం. మరి మా కుర్రోడికి వచ్చిన ఫోనుకు ఏ హోదా కావాలి? గడువు సంగతీ వినండి. 2021 నిబంధనల్లో కంపెనీకి 36 గంటలు ఉండేది. 2026 ఫిబ్రవరిలో దాన్ని 3 గంటలకు కుదించారు. మూడు గంటల్లో ఏ కంపెనీ తప్పొప్పులు చూస్తుంది? ముందు తీసేస్తుంది, ఆలోచించడం తరవాత. కంపెనీకి మన మాట మీద ప్రేమేం ఉంది, దానికి కావల్సింది యాపారం.

మా ఊరి సంగతే చూడండి. 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్ మండింది. అగ్నిపథ్ పథకం ప్రకటించిన మూడో రోజది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పోరగాండ్లు, మిలిటరీ నౌకరీ కోసం తెల్లవారుజామున లేచి రోడ్ల మీద ఉరికిన పోరగాండ్లు, దేహ పరీక్షలు పాసై రాత పరీక్ష కోసం ఏండ్లు కాచుకున్నవాళ్ళు. రైలు బోగీలు తగలబెట్టడాన్ని మేం మెచ్చుకోవడం లేదు. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రెండు రోజులకు వార్త వచ్చింది, అగ్నిపథ్ మీద తప్పుడు ప్రచారం చేస్తున్న 35 వాట్సాప్ గ్రూపులను కేంద్రం నిషేధించిందని. సంఖ్య వచ్చింది. ఏ గ్రూపు, ఏ మాట, ఏది తప్పుడు అన్నది ఆ వార్తలో లేదు. నాలుగేండ్లకే ఇంటికి పంపే నౌకరీ మాకొద్దు అన్న మాట కూడా ఆ 35లో పోయిందా? ఎట్లా తెలుస్తుంది?

2025 ఏప్రిల్‌లో 'నేషనల్ దస్తక్' అనే దళిత బహుజన యూట్యూబ్ చానల్‌కు ఇట్లాంటి కబురే వచ్చింది. మీ చానల్‌ను ఆపమని కేంద్ర సమాచార ప్రసార శాఖ అడిగిందని యూట్యూబ్ తమకు రాసినట్టు ఆ చానల్ వాళ్ళే జనానికి చెప్పారు. ఒక వీడియో కాదు, మొత్తం చానలే. పేపరులో ఒక వార్త నచ్చకపోతే ప్రెస్సుకే తాళం వేసినట్టు.

ఇది మనకు కొత్తనా? ఊళ్ళల్లో చాటింపు వేసింది ఎవరు? డప్పు మనది, చేతులు మనవి, కాళ్ళరిగేలా తిరిగింది మనం. మాట మాత్రం పటేల్‌ది, పట్వారీది. శిస్తు కట్టండహో అని మన నోటితో వాళ్ళ మాట చెప్పించారు. మన మాట మనం చాటుకునే రోజు రాలేదు. 1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పెడితే, డబ్బులిస్తాం ప్రకటన వేయండి అన్నా తిలక్ స్థాపించిన 'కేసరి' వేయలేదు. ఇక్కడ హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పక్షపత్రిక పెట్టుకున్నాడంటే ఊరికే కాదు, పక్కవాడి పత్రికలో మనకు జాగా లేదు కాబట్టి. నిజాం సర్కారు గస్తీ నిషాన్ తిర్పన్ అని 53వ నంబరు ఉత్తర్వు పెట్టి, సభ జరపాలంటే ముందు అనుమతి తెచ్చుకోమన్నది. ఆ ఉత్తర్వుకు కనీసం నంబరు ఉంది, జనం దాన్ని పేరు పెట్టి తిట్టుకున్నారు. రహస్యంగా వచ్చే ఉత్తర్వును ఏమని తిట్టాలి?

కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఆ రోజుల్లో మనవాళ్ళ మాట బయటికి రావాలంటే బతికి బయటపడ్డవాళ్ళు కాలినడకన రావాలి, విలేకరి రావాలి, వచ్చినవాడు మంచివాడు కావాలి, పట్నంలో కూర్చున్న సంపాదకుడు దయతలచాలి. అదే 2016 జనవరి 17 రాత్రి చూడండి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల రాసి పోయిన ఉత్తరం తెల్లారేసరికి దేశమంతా చదివింది. ఏ సంపాదకుడూ దాన్ని కోయలేదు, సర్దలేదు. రోహిత్ బతికుండగా ఫేస్‌బుక్కులో రాసుకున్నవి తరవాత పుస్తకమయ్యాయి. ఏ పేపరు వేసుకునేది ఆయన రాతలు? అదే ఏడాది మార్చిలో వైస్ చాన్సలర్ తిరిగి వచ్చి క్యాంపస్‌లో లాఠీలు లేచినప్పుడు నీళ్ళు, మెస్సు, దాంతో పాటు ఇంటర్నెట్ కూడా బంద్ చేశారని విద్యార్థులు చెప్పారు. అన్నం, నీళ్ళు, మాట. మూడూ ఒక్కసారే ఆపాలని తోచిందంటే మాట విలువ వాళ్ళకు బాగా తెలుసన్నమాట.

ఇప్పుడు మనోళ్ళ సంగతికి వద్దాం. ఈ రాత ముఖ్యంగా వాళ్ళ కోసమే. మొన్న ఒక మీటింగులో ఒక అన్న లేచి అన్నాడు: "మీరేమో స్వేచ్ఛ అంటరు. బాబాసాహెబ్ ఫోటోకు చెప్పుల దండ వేసినట్టు బొమ్మ చేసి పెడుతున్నరు. మన ఆడపిల్లలను కులం పేరుతో తిడుతున్నరు. రిజర్వేషనోళ్ళని ఎక్కిరిస్తున్నరు. సర్కారు అదుపు చెయ్యొద్దా మరి?" చప్పట్లు కొట్టారు. మాకూ ఆ కోపం తెలుసు. అన్నా, నీ బాధ నిజం. నువ్వు అడుగుతున్న మందు మాత్రం తప్పు.

కోనసీమ చూడు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చింది. మే నెలలో దానికి అంబేడ్కర్ పేరు పెడతామని సర్కారు ప్రకటించింది. మే 24న అమలాపురంలో మూక లేచింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. జనాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పోగేశారని పోలీసులే చెప్పారు. సర్కారు ఏం చేసింది? రోజుల తరబడి జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు! నిప్పు పెట్టినోడికీ బందే, నిప్పుకు భయపడ్డోడికీ బందే. తలుపు వేసుకుని కూర్చున్న పల్లె జనం మా మీదికి వస్తున్నారని వీడియో పంపడానికి లేదు. కూలి డబ్బు ఫోనులో పడేవాడికి పడదు. కంప్యూటర్ పని చేసుకునే పిల్లలు సిగ్నల్ ఉన్న ఊళ్ళు వెతుక్కుంటూ పోయారు. మరి నిప్పు పెట్టినవాళ్ళ సంగతి? మరుసటి ఏడాది, 2023లో, ఆ అల్లర్ల కేసులు ఎత్తేస్తామని సర్కారే అన్నది. శిక్ష పడింది ఎవరికి అన్నా? అంబేడ్కర్ పేరు మాత్రం ఆగస్టు 2022లో గెజెట్‌లోకి ఎక్కింది, ఉంది. ఇంటర్నెట్ ఆపినందుకు ఎక్కలేదు.

ఇక తిట్లు, బొమ్మలు. వాటికి కొత్త చట్టం అక్కర్లేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. నలుగురికీ కనపడే చోట కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). ఇంటర్నెట్ కూడా నలుగురికీ కనపడే చోటే అని కేరళ హైకోర్టు 2022లో ఒక యూట్యూబర్ కేసులో చెప్పింది. మన మీద ద్వేషం రెచ్చగొడితే 3(1)(యు). మనం గౌరవించే చనిపోయిన పెద్దలను రాతతో గానీ మాటతో గానీ అవమానిస్తే 3(1)(వి). అంటే బాబాసాహెబ్‌ను అవమానించడం 2016 జనవరి 26 నుంచి విడిగా నేరం. ఎఫ్‌ఐఆర్‌కు ముందు విచారణ అవసరం లేదని 18ఎ అంటున్నది. పట్టించుకోని అధికారి మీద 4వ సెక్షను ఉంది.

తేడా గమనించు. ఈ చట్టంలో తిట్టినోడికి పేరుంది, తిట్టు తిన్నోడికి పేరుంది, ఎఫ్‌ఐఆర్‌కు నంబరుంది, కోర్టుంది, వాదించుకోడానికి లాయరున్నాడు. అంతా పగటి వెలుగులో జరుగుతుంది. 69ఎలో ఫైలు చీకట్లో నడుస్తుంది. మనం పగటి చట్టాన్ని అమలు చేయమని అడగాలి. దాన్ని వదిలేసి, చీకటి తాళం పెద్దది చేయమని మన చేతులతో మనమే అర్జీ పెడితే, ఆ తాళం మొదట పడేది మన నోటికే. ఠాణాలో మన ఫిర్యాదు తీసుకోడానికి పది రోజులు తిప్పేవాళ్ళు కాంట్రాక్టరు ఫిర్యాదుకు మూడో రోజే ఫోను చేశారు. అదే ఠాణా, అదే చేయి. ఆ చేతికి ఇంకా బలమివ్వమంటావా?

ఏ పార్టీ వాళ్ళయితే మంచిగుంటరు అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 మేలో పియుసిఎల్ అధ్యక్షురాలు, లాయరు జయ వింధ్యాలను చీరాల ఎమ్మెల్యే మీద, అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్య మీద ఫేస్‌బుక్కులో రాసిందని 66ఎ కింద అరెస్టు చేశారు. అది కాంగ్రెస్ పాలన. ఆ అరెస్టు మీదనే సుప్రీంకోర్టు కదిలి, పెద్ద అధికారి అనుమతి లేకుండా 66ఎ కింద పట్టుకోవద్దన్నది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షనునే కొట్టేశారు. కొట్టేసిన తరవాత కూడా ఠాణాల్లో అదే సెక్షను కింద కేసులు రాస్తూనే ఉన్నారు! కొట్టేసిన చట్టం ఇంకా నడుస్తున్నదని పియుసిఎల్ మళ్ళీ సుప్రీంకోర్టుకెక్కితే, 2022 అక్టోబరులో ఆ కేసులన్నీ ఎత్తేయమని చెప్పాల్సి వచ్చింది. ఏడేండ్లు పట్టింది కబురు ఠాణాకు చేరడానికి. 'తీసెయ్' అన్న కబురు చేరడానికి మూడు గంటలు.

2007లో 938 జీవో, 2019లో 2430 జీవో. అధికారులు మీడియా మీద కేసులు వేయొచ్చని రెండూ చెప్పాయి, రెండో దాంట్లో సోషల్ మీడియా కూడా చేరింది. 2017లో తెలుగుదేశం హయాంలో శాసనమండలి మీద కార్టూను వేశాడని ఒకతన్ని హైదరాబాదు వచ్చి పట్టుకుపోయారు. 2020లో వైసీపీ హయాంలో విశాఖ గ్యాస్ లీకు మీద ప్రశ్నలు పెట్టిందని గుంటూరులో అరవై దాటిన ఒకామెకు సిఐడి నోటీసు. 2024 నవంబరులో ఆ వైసీపీ వాళ్ళకే వరసగా కేసులు. తెలంగాణలో 2025 మార్చి 12న, ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు ఆడ జర్నలిస్టులను తెల్లవారుజామున పట్టుకుపోయారు. ఆ పెద్దాయన భాష బాగాలేదు, ఒప్పుకుంటాం. దానికి సంఘటిత నేరం సెక్షనా? గూండా ముఠాలకు పెట్టే సెక్షను! కుర్చీలో కూర్చునేవాడు మారుతున్నాడు, నోటీసు మాత్రం అదే.

ఒక మంచి మాటా ఉంది. 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టు నల్ల బాలు కేసులో పోలీసులకు హద్దులు గీసింది. పరువు పోయిందంటే ఎవరి పరువు పోయిందో వాళ్ళే ఫిర్యాదు చేయాలి, దారిన పోయేవాడు కాదు. రాజకీయ విమర్శ ఘాటుగా ఉందని కేసు కట్టకూడదు. ముందు విచారించాలి, పబ్లిక్ ప్రాసిక్యూటరు సలహా తీసుకోవాలి, వెంటనే అరెస్టు చేయకూడదు. ఈ ముక్కలు కాగితం మీద రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించండి. ఠాణాకు పోయేటప్పుడు జేబులో పెట్టుకుపొండి.

ఫోను చేసి రమ్మంటే, నోటీసు రాసి ఇవ్వండి సార్, వస్తాం అనండి. బిఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షను నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంటరిగా పోవద్దు, సంఘం మనిషినో లాయరునో వెంట తీసుకుపొండి. ఫోను గుంజుకుంటే పంచనామా అడగండి. స్వాధీనం చేసుకునేదంతా వీడియో తీయాలని 105వ సెక్షను వాళ్ళకే చెబుతున్నది. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టేముందే వీడియోను ఇంకో ఇద్దరి ఫోన్లలో, ఒక పెన్‌డ్రైవులో దాచండి. తిట్టినోడి రాత కనపడితే తేదీ, పేరు, లింకు కనపడేట్టు ఫోటో తీయండి. కోర్టులో అది నిలబడాలంటే సాక్ష్య చట్టం 63వ సెక్షను సర్టిఫికెట్ జత చేయాలి, లాయరును అడగండి.

మా మోరీ వీడియో పూర్తిగా పోలేదు. బస్తీ గ్రూపులో ఉన్న ఒక అక్క ఫోనులో మిగిలింది. ఆమెకు తుడిచేయడం చేతకాక మిగిలింది. దాన్ని పెన్‌డ్రైవులో వేసి, 2013 చట్టం కింద అర్జీ రాసి, కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇంకా జవాబు రాలేదు. కుర్రోడు మళ్ళీ పెడతానంటున్నాడు. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదు. పొద్దున ఆమె పనికి పోయే దారిలోనే ఆ మ్యాన్‌హోల్ ఉంది, మూత సగం తెరిచే ఉంది.

మీ ఊళ్ళో, మీ వాడలో ఎవరితోనైనా ఇట్లా తీసేయించారా? ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు, కాగితం ఇచ్చారా లేదా, తీసేసింది ఏమిటి, రాసి పంపండి. పేరు వద్దంటే వేయం.